రియోహాకి ఎవరు నేర్పారు

మంజూషకి ఓదెలంటే ఒళ్ళుమంట. ఈ సంగతి మొదట్లోనే చెప్పేసుకుంటే మంచిది, ఆవిడే ఎప్పుడూ దాచుకోలేదు. అతను మెట్లెక్కుతుంటే మంట, స్టాఫ్ రూములో కుర్చీ జరిపితే మంట, ఆవిడ సుద్దముక్క విరిచి సగం పట్టుకుపోతే మరీ మంట. ఓదెలు మాత్రం తక్కువ తిన్నాడా? మేడం ఎవరితోనైనా నవ్వుతూ కనిపిస్తే చాలు, ఆ పూట అతనికి చాయ్ చేదైపోయేది.

ఇద్దరూ పనిచేసేది అమీర్‌పేటలో, మైత్రివనం వెనక సందులో, టిఫిన్ సెంటర్ పైనున్న సాగర్‌రేఖ అకాడమీలో. ఆ సందులో ఏ బోర్డు చూసినా సాఫ్ట్‌వేరే. సాగర్‌రేఖ ఒక్కటే విహార ఓడల మీద, పెద్ద హోటళ్ళలో కొలువులకి పిల్లల్ని తయారుచేస్తుంది. ట్రే ఎలా పట్టాలి, దొరసాని విసుక్కుంటే మొహం ఎలా పెట్టాలి, ఏ దేశపు వైన్ ఏ నేలలో పుడుతుంది, ఇవన్నీ నేర్పుతారు. అందులో స్పెయిన్ మంజూషది.

అవును, ఆవిడదే. హిస్టరీలో ఎం.ఏ. చేసి, స్కూల్లో అరిచి అరిచి గొంతు పాడుచేసుకుని, ఇక్కడికి ఇంగ్లీషు నేర్పడానికి వచ్చింది. వైన్ పాఠం చెప్పే ఆయన చెప్పాపెట్టకుండా మానేస్తే ఓనరు చక్రపాణి గారు ఒక పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "అమ్మా మంజూషా, నువ్వు మ్యాపులు బాగా గీస్తావుగా. ఈ స్పెయినేదో నువ్వే చూసుకో." ఇచ్చినాయన మర్నాటికి మర్చిపోయాడు. తీసుకున్నావిడ మాత్రం అందులో పడిపోయింది. పొయ్యి మీద పప్పు పెట్టి ఎబ్రో నది ఒడ్డున ఊళ్ళు వల్లెవేసేది. పప్పు ఎన్నిసార్లు మాడిందో ఆవిడ మొగుణ్ణి అడగాలి.

పిల్లలకి ఆవిడ స్పెయిన్‌ని అమీర్‌పేట మీద పరిచి చెప్పేది. "మనం నిలబడ్డ చోటు మాడ్రిడ్ అనుకోండి. ఎర్రగడ్డ ఎటుందో చెయ్యి చూపించండి. అదీ, వాయవ్యం, గలీషియా. అక్కడ ఎప్పుడూ వానే, అందుకే తీగని పందిరి మీదకి ఎక్కించి గాలి ఆడనిస్తారు. ఉత్తరాన బల్కంపేట, అది రియోహా. ఎబ్రో లోయ. వెనకాల కొండలు అడ్డం నిలబడి సముద్రం మీంచి వచ్చే చలిగాలిని ఆపుతాయి. బేగంపేట దాటితే కాటలోనియా, బుడగలొచ్చే వైన్. పంజాగుట్ట దిగి బంజారాహిల్స్ వైపు పోతే హెరెజ్. తెల్లటి సుద్దనేల. చలికాలంలో వానంతా తాగేసి, పైన పెచ్చు కట్టుకుని, ఎండాకాలమంతా తీగకి తడి అందిస్తుంది." పిల్లలు చేతులు అటూ ఇటూ చాపుతూ నేర్చుకునేవాళ్ళు. ఓడ కంపెనీ ఇంటర్వ్యూలో ఒక కుర్రాణ్ణి గలీషియా ఎక్కడని అడిగితే లేచి గోడ వైపు చెయ్యి చాపి "ఎర్రగడ్డ" అన్నాడట. అయినా ఉద్యోగం వచ్చింది, అది వేరే సంగతి.

అలాంటి చోటికి దిగాడు ఓదెలు. పెద్దపల్లి దిక్కు మనిషి, కాపురం ఎర్రగడ్డలో. ఓడల మీద పన్నెండేళ్ళు చేసి, మోకాలు పాడై ఇంటికొచ్చేశాడు. అక్కడ అతను వైన్ స్టీవార్డు. అంటే సీసా తెచ్చి, ఇది ఫలానా ఊరిది, ఫలానా ఏడాదిది అని బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి విడమరిచి చెప్పి పోసేవాడు. హెరెజ్ పక్క రేవులో ఓడ ఆగినప్పుడల్లా దిగి తోటల్లో తిరిగొచ్చిన మనిషి.

మొదటి వారం ఇద్దరూ బాగానే ఉన్నారు. అదే కొంప ముంచింది. కింద ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మనసులు విప్పేసుకున్నారు. "మీకైతే చెప్తున్న మేడం," అన్నాడు ఓదెలు. "స్టీవార్డు, స్టీవార్డు అంటరు గని, మొదట్ల రెండేండ్లు నేను గ్లాసులే కడిగిన. తాగి ఇడిసిపెట్టిన గ్లాసులు. మా ఇంట్ల సుత ఎవ్వలికి తెల్వది." మంజూషకి ఆ నిజాయితీ నచ్చేసింది. ఆవిడా గొంతు తగ్గించి తన గుట్టు చెప్పేసింది. "మీరెవరితోనూ అనకండి. నేనింతవరకు వైన్ రుచే చూడలేదండీ. మా ఇంట్లో ఆ వాసనే పడదు." ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఇంకో చాయ్ తెప్పించుకున్నారు కూడా.

తర్వాత చక్రపాణి గారు నోరు తెరిచాడు. ఆయన నోరు తెరిస్తే ఎవరికో ఒకరికి మూడుతుంది. "స్పెయిన్‌కి ఇద్దరెందుకు? ఒక్కళ్ళు చాలు. డెమోలో తేల్చేద్దాం."

అమీర్‌పేటలో దేనికైనా డెమో ఉంటుంది. ఫీజు కట్టే ముందు ఒక పూట ఊరికే కూర్చుని వినొచ్చు. నచ్చితే పేరు రాయించుకోవచ్చు, నచ్చకపోతే ఎదురు బిల్డింగులో డెమోకి పోవచ్చు. బట్టల కొట్లో చీర మడత విప్పించి చూసినట్టు ఇక్కడ మాస్టర్లని విప్పించి చూస్తారు. ఒకే డెమోలో ఇద్దరూ చెప్పాలి, ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే స్పెయిన్ వాళ్ళది, అదీ ఆయన తీర్పు. మంజూషకి ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. తన స్పెయిన్‌ని ఎవరో కుంటుకుంటూ వచ్చి పట్టుకుపోతాడా? చచ్చినా ఇవ్వను అనుకుంది.

డెమో రోజు హాలు నిండా పిల్లలే. సగం మంది ఏలూరు, కాకినాడ వైపు నుంచి వచ్చి మధురానగర్ హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. సగం మంది కరీంనగర్, నల్గొండ నుంచి వచ్చి అదే హాస్టళ్ళలో పక్క మంచాల మీద పడుకునేవాళ్ళు. మంజూష బోర్డు మీంచి చెయ్యి తియ్యకుండా స్పెయిన్ గీసి మొదలుపెట్టింది.

"పందొమ్మిదో శతాబ్దం. ఫ్రాన్సు ద్రాక్షతోటలకి ఒక పురుగు పట్టింది. ఫిలాక్సెరా. వేళ్ళు పీల్చేస్తుంది, తోటలకి తోటలు ఎండిపోయాయి. అప్పుడు అక్కడి బోర్డో ఊరి వ్యాపారులు ఏం చేశారు? కొండలు దాటి రియోహాకి వచ్చారు. రియోహా వాళ్ళది అప్పటిదాకా ఏ ఏడు వైన్ ఆ ఏడే తాగేసే వ్యవహారం. రాతి తొట్లలో తొక్కడం, మేకతోలు తిత్తుల్లో పొయ్యడం, నాలుగు రోజులుంటే పులిసిపోవడం. ఫ్రెంచివాళ్ళు ఓక్ చెక్క పీపాలు చూపించారు, నిలవ పెట్టడం నేర్పారు. హారో అనే ఊళ్ళో రైల్వే స్టేషన్ పక్కనే గిడ్డంగులు లేచాయి. బయటివాళ్ళు వచ్చి నేర్పాకే రియోహాకి ఆ పేరొచ్చింది."

"ఎవలు నేర్పిండ్రు మేడం?"

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఓదెలు అది. ప్రశ్నలు చివర్లో అడగండి అంది మంజూష.

"ప్రశ్న గాదు, తప్పు దిద్దుతున్న. ఫ్రెంచోళ్ళు నేర్పనీకి రాలె. వాళ్ళ తోటలు సచ్చినయి, కడుపు కాలింది, ఉరికొచ్చిండ్రు. రియోహా వైన్ నింపుకొని రైలెక్కించిండ్రు, బోర్డోల తమ దాంట్ల కలుపుకొని తమ పేరు మీద అమ్ముకున్నరు. గిదా నేర్పుడంటే?"

"అమ్ముకుంటే అమ్ముకున్నారు. పీపా ఎవరిది?"

"నేల ఎవలది?"

ఒక మూల నుంచి ఈల వినపడింది. ఇంకో మూల నుంచి "అరే, చెప్పనియ్యరా మేడమ్‌ని" అని కేక. ఆ క్షణం నుంచి హాల్లో ఎవరూ స్పెయిన్ గురించి మాట్లాడ్డం లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. ఇంత పెద్ద దేశాన్ని, నదుల్నీ కొండల్నీ మోసుకొచ్చి వీళ్ళు అమీర్‌పేట నడిబొడ్డున పాత తగువులోకి దించేశారు. ఇంకే ఊళ్ళోనైనా రియోహా చరిత్రకి ఈలలు వేస్తారా చెప్పండి!

"గీ కథ మాకు కొత్తది గాదు," అన్నాడు ఓదెలు ముందుకొస్తూ. "బయటోడు వస్తడు. నీకేం రాదంటడు. నేనే నేర్పిన అంటడు. జర రోజులైనంక ఇల్లు ఆయనది, మనం కిరాయికి."

"ఎవర్ని అంటున్నారు మీరు?"

"ఫ్రెంచోళ్ళను."

"నా వైపు చూసి అంటున్నారు."

"ముంగట మీరే నిలబడ్డరు, ఎటు చూడాలె?"

హాలు ఘొల్లుమంది. మంజూషకి చెవులు వేడెక్కాయి. ఆవిడ పుట్టింది పంజాగుట్టలో, బళ్ళో చేరింది ఎర్రమంజిల్లో, కృష్ణా జిల్లా ఊరు పెళ్ళిళ్ళకి తప్ప చూసింది లేదు. తనని పట్టుకుని బయటిదంటాడా?

"సరే, అయితే ఇంకో సంగతి వినండి. ఆ ఫ్రెంచివాళ్ళ కంటే చాలా ముందే, రియోహాలోనే పుట్టిన చర్చి గురువు ఒకాయన, క్వింతానో అని, బోర్డో వెళ్ళి ఆ విద్య నేర్చుకొచ్చాడు. పీపాల్లో పెట్టి పంపిస్తే ఆయన వైన్ సముద్రం దాటి క్యూబా చేరినా చెడలేదు. అలాంటి ఆయన్ని తొక్కేసింది ఎవరు? ఫ్రెంచివాళ్ళా? సొంత ఊరివాళ్ళు! అందరి వైనూ ఒకటే ధరకి అమ్మాలని రూలు పట్టుకుని కూర్చున్నారు. పీపాల ఖర్చు కూడా రాక మూలపడ్డాడు పాపం. మీలో ఒకడు పైకొస్తే మీరే ఓర్వలేరు. మళ్ళీ బయటివాళ్ళ మీద పడి ఏడుపొకటి!"

మీరే అంది. వాళ్ళే అనాల్సింది. అన్నాక తెలిసింది, అప్పటికే ఓదెలు మొహం నల్లబడింది. ముందు వరసలో కుర్రాళ్ళు కుర్చీల అంచుకి జరిగారు. ఓదెలు నెమ్మదిగా బోర్డు దాకా వచ్చి ఆవిడ మ్యాప్ మీద అరచెయ్యి ఆనించాడు.

"మేడం మస్తు చెప్తున్నరు. ఒక్కటి అడుగుతా. జిందగీల ఒక్క చుక్క వైన్ నాలిక మీద పెట్టుకున్నరా?"

ఇరానీ హోటల్లో గొంతు తగ్గించి చెప్పుకున్న మాట! నమ్మి చెప్పిన మాట! మంజూషకి నలభై మంది ముందు నిలబెట్టి గుడ్డలూడదీసినట్టే అనిపించింది. ఇక ఆవిడకి మర్యాద గుర్తులేదు, మీరు అనడం గుర్తులేదు.

"లేదు! నేను చదువుకుని చెబుతున్నాను. నువ్వేం తాగావు? ఎవడో తాగి వదిలేసిన ఎంగిలి గ్లాసులు కడిగావు. ఎంగిలి గ్లాసు అడుగున మిగిలింది చూసి స్పెయిన్ తెలుసంటున్నావు!"

ఎంగిలి. ఆ మాట మన దగ్గర ఎంత కిందికి దిగుతుందో హాల్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ఓదెలు చేతికంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకుని కుంటుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

మంజూష ఆ సాయంత్రం మెట్రో స్తంభాల కింద పంజాగుట్ట దాకా నడుచుకుంటూనే పోయింది. అన్నందుకు కాదు ఆవిడ బాధ, అది ముందు అనాల్సింది అని. ఛీ, వాడు అన్నాక అనడమేమిటి, ముందే అనేసి ఉంటే వాడికి నోరు లేచేదా? ఇల్లు చేరేదాకా ఇదే గోల లోపల.

మర్నాడు ఇద్దర్నీ పీకేస్తాడనుకుంటే చక్రపాణి గారు మిఠాయి పెట్టె తెరిచి కూర్చున్నాడు. ఓదెలు అటు, మంజూష ఇటు నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

"ఎన్నాళ్ళయింది ఇలాంటి డెమో చూసి! ఒక్కడూ ఎదురు బిల్డింగుకి పోలేదు. అందరూ ఇక్కడే చేరారు," అన్నాడాయన. "ఇంకనుంచి ఇద్దరూ కలిసే చెప్పండి. ప్రతి బ్యాచ్‌కీ ఇలాగే. నేల ఎవరిది, పీపా ఎవరిది, అది బాగుంది. నాలిక మీద చుక్క, అది ఉండాలి. ఆ ఎంగిలి మాట ఉంది చూశావూ, అక్కడ సూది పడితే వినపడేలా అయిపోయింది హాలు. దాన్ని మాత్రం కదపొద్దమ్మా."

వేళాకోళం అనుకుంది మంజూష. కాదు. మనిషి నిజంగానే అడుగుతున్నాడు. ఓదెలు కాదంటాడేమోనని ఆవిడ చూసింది, ఆవిడ కాదంటుందేమోనని ఓదెలు చూశాడు. ముందు కాదన్నవాళ్ళకి స్పెయిన్ పోతుంది. ఎవరూ అనలేదు.

అలా వాళ్ళ పగ సిలబస్‌లోకి ఎక్కింది. ప్రతి డెమోలో ఆవిడ నేర్పారు అంటుంది, అతను ఎవలు అంటాడు. అతను చుక్క అంటాడు, ఆవిడ ఎంగిలి అంటుంది. రోజూ అంటే మాట మొద్దుబారుతుందంటారు గానీ, అబద్ధం. వీళ్ళకి రోజురోజుకీ పదునెక్కింది. అతను ఆ చుక్క మాట ముందు ఒక క్షణం ఆగడం నేర్చుకున్నాడు. ఆవిడ ఎంగిలి అనేటప్పుడు ముక్కు కాస్త చిట్లించడం నేర్చుకుంది. హాలు దాటాక పలకరింపుల్లేవు. అతను ఓడల మీంచి తెచ్చుకున్న ఖాళీ సీసాలు కిటికీలో వరసగా పెడితే, వాసనొస్తోందని ఆవిడ తీసి మెట్ల మీద పెట్టించింది. కడిగిన సీసాలకి వాసనేమిటి? ఆవిడకీ తెలుసు.

బ్యాచ్ తర్వాత బ్యాచ్ గడిచింది. వానాకాలం వెళ్ళేసరికి ఎదురు బిల్డింగు వాడు కాక్‌టెయిల్ కోర్సు పెట్టాడు. సీసాలు గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం, నిప్పు పెట్టడం. పిల్లలు అటు పరుగు. ఒక పొద్దున చక్రపాణి గారు మంజూషని పిలిచి మెల్లగా చెప్పాడు. "ఈ రోజు హాలు లేవాలమ్మా. లేవకపోతే నేనూ స్పెయిన్ తీసేసి సీసాలు ఎగరేయించాల్సిందే." మంజూషకి బోర్డు మీద మ్యాప్ గీయని రోజులు తనకెలా గడుస్తాయో ఊహకి కూడా అందలేదు.

ఆయన గదిలోంచి బయటికొస్తే మెట్ల మలుపులో ఓదెలు నిలబడి ఉన్నాడు. తనకోసమే నిలబడ్డాడని చూడగానే తెలిసింది.

"మేడం, ఒక్క మాట."

"చెప్పండి."

"ఇయ్యాల నా బిడ్డ వస్తుంది. యశస్విని. ఇంటర్ అయిపోయింది, బాపు పాఠం జూస్త అన్నది. వద్దంటే ఇనలె." అతను ఆవిడ మొహం చూడలేదు, మెట్ల రెయిలింగు చూస్తూ మాట్లాడాడు. "ఆ ఎంగిలి ముచ్చట ఇయ్యాల ఒక్కరోజు వద్దు."

"అడుగుతున్నారా, చెబుతున్నారా?"

"అడుగుతున్న."

ఇన్నాళ్ళలో ఓదెలు ఆవిణ్ణి ఏదైనా అడగడం అదే మొదటిసారి. మంజూషకి లోపల ఎంత సంతోషమేసిందో చెప్తే సిగ్గుచేటు. పండక్కి కొత్త చీర దొరికినంత సంతోషం. ఔననలేదు, కాదనలేదు. "చూస్తాను" అని పైకెక్కేసింది.

హాలు సగమే నిండింది. ఉన్నవాళ్ళలో కూడా సగం మంది ఫోన్లలో తలలు పెట్టి ఉన్నారు. రెండో వరస చివర పచ్చ చున్నీ వేసుకున్న పిల్ల ఒకతె వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. నొసలు అచ్చం ఓదెలుదే. అతను గదిలోకి రాగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఏ పిల్లకైనా వెలుగుతుంది, కన్నతండ్రి మాస్టరై నిలబడితే.

మంజూష మొదలుపెట్టింది. పురుగు పట్టింది, తోటలు ఎండాయి, కొండలు దాటి వచ్చారు, నేర్పారు. ఓదెలు ఎవలు అన్నాడు. ఈల రాలేదు. నేల ఎవలది అన్నాడు. ఎవడో ఆవలించాడు. అతని గొంతులో పస లేదు, మాటిమాటికీ రెండో వరస వైపు చూసుకుంటున్నాడు. కిరాయి మాట మింగేశాడు. ముందు వరసలో ఇద్దరు లేచి బ్యాగులు తగిలించుకున్నారు. తలుపు దగ్గర చక్రపాణి గారు మంజూష వైపు చూసి పెదవి విరిచాడు, వేలితో గడియారం తట్టాడు.

ఓదెలు చుక్క మాట అనే చోటు వచ్చింది. అతను అనలేదు. కాసేపు ఆగాడు. ఆవిడ ఆ ఆగడం చూసి, ఎప్పటిలాగే పదును పెట్టుకుంటున్నాడు, ఇప్పుడంటాడు అనుకుంది. బ్యాగులవాళ్ళు తలుపు దాకా వెళ్ళారు. స్పెయిన్ వెళ్ళిపోతోంది. తొమ్మిదేళ్ళుగా తన నాలిక చివర ఉన్న నదులూ ఊళ్ళూ ఆ ఇద్దరి వెనకే మెట్లు దిగిపోతున్నాయి. ఇతని బిడ్డ కోసం నేను నోరు కట్టుకోవాలా? నాకోసం ఎవరు కట్టుకున్నారు?

అనేసింది. "ఎంగిలి గ్లాసులు కడిగినవాడివి నువ్వా నాకు స్పెయిన్ చెప్పేది!" ముక్కు కూడా చిట్లించింది.

బ్యాగులవాళ్ళు ఆగిపోయారు. ఫోన్లు కిందికి దిగాయి. చక్రపాణి గారు తలుపు దగ్గర మురిసిపోయాడు. మంజూష ఓదెలు వైపు తిరిగి నిలబడింది. రావాలి, ఇప్పుడు రావాలి అతని మాట. ఆలస్యంగానైనా అనాలి. చుక్క అను. నాలిక అను. అంటే చెల్లుకు చెల్లు అయిపోతుంది, ఇద్దరం సమానం అయిపోతాం. అనవేం?

ఓదెలు బిడ్డ వైపు చూడలేదు. "మేడం చెప్పింది నిజమే," అన్నాడు. "రెండేండ్లు కడిగిన. ఇగ హెరెజ్ దిక్కు పోదాం." అంతే, పాఠంలోకి వెళ్ళిపోయాడు. తెల్లనేల గురించి చెప్పాడు, పీపాలో వైన్ పైన మీగడలా కట్టే పొర గురించి చెప్పాడు, చివర దాకా చెప్పి దండం పెట్టి బయటికి నడిచాడు. మంజూష అంతసేపూ బోర్డు పక్కన నిలబడే ఉంది. తిట్టించుకోనందుకు అంత నొప్పి పుడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

పేర్లు రాయించుకోవడానికి పిల్లలు గుమిగూడారు. యశస్విని వాళ్ళని తప్పించుకుని మంజూష దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు వణకలేదు.

"బాపు గ్లాసులు కడిగిండని నాకు ఎర్కనే మేడం. ఈ మధ్యనే చెప్పిండు. ఎవలో చెప్తే ఇనేదానికన్న నేను చెప్తనే మంచిదన్నడు. తెలుసుడు వేరు, ఇంతమందిల ఇనుడు వేరు. గందుకే ఇయ్యాల వద్దని మిమ్మల్ని అడుగుత అన్నడు."

మంజూష చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"మీరు వైన్ తాగలేదని సుత చెప్పిండు. ఆ మాట మేడమ్‌ని ఇగ అననని పొద్దుగాల ఇంట్లనే అన్నడు. మీరు అన్నా సరే, నేననను అన్నడు. నమ్మి చెప్పిన మాటను బజార్ల పెట్టుడు మొదలు నేనే చేసిన, తప్పు నాదన్నడు." ఆ పిల్ల చున్నీ సర్దుకుంది. "గది మీకు చెప్పి పోదామని వచ్చిన. బాపు కింద నిలబడ్డడు."

వెళ్ళిపోయింది. మంజూషకి ఏడుపొచ్చింది. హాలు నిండా పిల్లలుండగానే వచ్చింది, ఆపుకోవడానికి బోర్డు వైపు తిరగాల్సి వచ్చింది. తను చెడ్డది అని మొట్టమొదటిసారి, సాకులేవీ లేకుండా అనిపించింది. కిందికి పరిగెత్తి సారీ చెప్పాలనిపించింది. చెప్పలేదు. కాళ్ళు ముందుకు పడలేదు, పొగరు ఇంకా ఎంతో కొంత మిగిలే ఉంది ఆవిడలో.

ఓదెలు మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బండివాడొకడు వచ్చి మెట్ల మీద సీసాలు సర్దుకుపోయాడు. మంజూష మాత్రం లోలోపల ఒక లెక్క వేసుకుంది, అది కూడా దాచక్కర్లేదు: పోతే పోయాడు, స్పెయిన్ మొత్తం ఇప్పుడు నాది. చెంపలేసుకుంటూనే ఆ లెక్కా వేసుకుంది. మనిషి అంతే.

తర్వాతి డెమోకి ఒక్కతే నిలబడింది. ఎవరూ ఎవలు అనలేదు. ఎవరూ నేల అడగలేదు. మ్యాప్ ఎప్పటికంటే బాగా వచ్చింది, రియోహా వెనక కొండలు ఒక్కొక్కటీ పేరుపేరునా చెప్పింది. పాఠం సగంలో ఉండగానే సగం మంది లేచిపోయారు. మిగిలినవాళ్ళలో ఒక కుర్రాడు చెయ్యెత్తి, "మేడం, ఇంకో సార్ కూడా ఉంటారట కదా, ఫైటింగ్ అవుతుందన్నారు, అది ఎప్పుడు?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం చక్రపాణి గారి గదిలోకి వెళ్తే ఆయన కాక్‌టెయిల్ కోర్సు ఫ్లెక్సీ రంగులు చూసుకుంటున్నాడు. మంజూష బల్ల పట్టుకుని నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నేనొక్కదాన్నే చెబుతానండీ, అన్నీ నాకే ఇవ్వండి, గలీషియా నుంచి హెరెజ్ దాకా నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు, నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ సందులోనే లేరు, మీకూ తెలుసు.

"నీకొచ్చని నాకు తెలీదామ్మా?" అన్నాడాయన తల ఎత్తకుండానే. ఆ గొంతులో కోపం కూడా లేదు. "పాఠం ఎవడిక్కావాలి చెప్పు. నువ్వొక్కదానివే ఎవరితో కొట్లాడతావు?"